పాతరలోనికి దీపము



అనంతపురము జిల్లా విడపనకల్లు చుట్టుప్రక్కల నల్లరేగడి నేలలను ఎరిగిన పెద్దలకు పాతర యనగా నేమో చెప్పనక్కరలేదు. జొన్న విరివిగా పండిన కాలములో ఇంటి ముంగిటనో, ఊరిబయట గట్టినేలయందో లోతుగా గోయి త్రవ్వి, అడుగునను అంచులను చొప్పయు గడ్డియు పరచి, ధాన్యము పోసి, పైన మన్ను మెత్తి, వాన తప్పిన ఏటికై దానిని దాచియుంచెడివారు. గాలి చొరని ఆ గోతిలో ధాన్యము తానే ఊపిరి పీల్చి, లోపలి ప్రాణవాయువును హరించి, బొగ్గుపులుసు వాయువును నింపుటచేతనే పురుగు బ్రతుకక గింజ ఏండ్లతరబడి చెడక నిలిచెడిది. అయితే గింజను కాపాడిన ఆ గుణమే మనిషిని చంపగలదు. మూత తీసిన మరుక్షణమే లోనికి దిగినవాడు పిలిచినను పలుకక కూలిపోవుటయు, వానిని లేవనెత్తబోయినవాడు వానిమీదనే పడుటయు పల్లెలు అనుభవించి నేర్చుకొన్న దుఃఖములు. అందుచేత పాతర తెరచు దినము వేరు, దిగు దినము వేరు అయినది. మూత తొలగించి చాలసేపు గాలి తగులనిచ్చి, పిమ్మట వెలుగుచున్న దీపమును త్రాట గట్టి లోనికి వదలి, అది అడుగున ఆరక నిలిచినచో దిగుటయు, ఆరినచో మరల వేచియుండుటయు వాడుక. ఆ దీపమును దింపిన రైతు వాయుశాస్త్రము చదివినవాడు కాడు, పిరికివాడును కాడు. దీపము దింపకుండ పాతర దిగుటయను ఊహయే వానికి రాదు. ఆ జాగ్రత్త పనిలో ఒక అంగమై, పనినుండి విడదీయరానిదై పోయినది.

ఈ పూట నేను మనవి చేయదలచినది ఆ దీపమును గూర్చియే. ఈ పీఠభూమి రైతు మూలమున అజాగ్రత్తపరుడన్న మాటను నేను అంగీకరింపను. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసెడి జిల్లాలో, అదియైనను వేళకు కురియునన్న నమ్మకము లేని నేలమీద, తరతరములుగా బ్రతికి నిలిచినవాడు ముందుచూపు లేనివాడెట్లగును? ప్రధానమైన పైరు సాళ్ళ నడుమ కందియో, అలసందయో, ఆముదమో ‘అక్కడి’ సాళ్ళుగా వేసి, ఒకటి పోయినను మరియొకటి దక్కునట్లు చూచుకొనుట వానికెవ్వరును ఉపన్యాసమిచ్చి నేర్పినది కాదు. ఆకాశమును నమ్మక ఇంత జాగ్రత్తపడినవాడే కరెంటు మోటారు స్టార్టరు పెట్టెను మాత్రము కన్నుమూసికొని నమ్ముచున్నాడు. కారణము నాకు ఇట్లు తోచుచున్నది. పాత పనిముట్లు మనకు వాని ఆచారములతో కూడ సంక్రమించినవి. గడచిన అరువది డెబ్బది ఏండ్లలో మన చేలలోనికి వచ్చిన కరెంటు మోటారు, బోరు, పురుగుమందు, వేగపు వాహనము, ఇవి మాత్రము వట్టి పనిముట్లుగా వచ్చినవి. దింపవలసిన దీపమేదో వానితోపాటు ఎవ్వరును ఇచ్చి పోలేదు, మనమును ఏర్పరచుకొనలేదు.

కరెంటు సంగతి మొదట చెప్పెదను. ఇది కొంత విస్తరించి చెప్పవలసినది. బోరుబావికి అమర్చిన మోటారు మూడు ఫేజుల కరెంటుతో, సుమారు 415 వోల్టులతో నడచును. దాని స్టార్టరును ఇనుపపెట్టెలో బిగించి, కొయ్యగుంజకో, కొట్టపు గోడకో తగిలించెదరు. ఎండకు మాడి, వానకు నాని, లోపలి తీగపై రబ్బరు పగిలినప్పుడు ఆ తీగ పెట్టెను తాకినచో పెట్టె యంతయు కరెంటుమయమగును. చూపునకు నిన్నటి పెట్టెయే, నేటి పెట్టెయే. చేయి పెట్టువరకు భేదము తెలియదు. ఇట్టి అపాయమునకే ఎర్తు తీగ యేర్పడినది. పెట్టెకు బిగించిన ఆ తీగ భూమిలో పాతిన గొట్టమునకు చేరి, దారి తప్పిన కరెంటును మనిషి శరీరము గుండ పోనీయక నేలలోనికి లాగికొనును. ఆ ఒక్కుమ్మడి ప్రవాహమునకు ఫ్యూజు కరగి సరఫరా తెగిపోవును. ఏర్పాటు చక్కనిదే. కాని నేల తడిగా ఉన్నప్పుడే అది చక్కగా పనిచేయును, మన నేల ఏడాదిలో ఎక్కువకాలము ఎండి నెఱ్ఱెలు విచ్చియుండును. ఎండిన మన్ను కరెంటును స్వీకరింపదు. అందుచేత ఎర్తు తీగ కంటికి కనబడుచున్నను, మే నెలలో అది అలంకారప్రాయమై, ఫ్యూజు కరగక, పెట్టెలోని కరెంటు తాకినవాని కొరకు కాచియుండును.

దీనికి చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఎనిమిది తొమ్మిది అడుగుల గోయి తీసి, గాల్వనైజు చేసిన గొట్టము నిలిపి, చుట్టును బొగ్గును ఉప్పును పొరలు పొరలుగా నింపి, గొట్టపు నోటిలో అప్పుడప్పుడు నీరు పోయుచుండవలెను. బోరునీరు చేనికి పారించువాడు ప్రతిదినము రెండు బిందెలు ఎర్తుగోతిలో పోసి ఆ పిమ్మట మడికి మళ్ళించుట అలవరచుకొన్నచో, అదియే పాతరలోనికి దింపిన దీపమగును. ఫ్యూజులో దానికి తగిన సన్నని తీగకు మారుగా, మాటిమాటికి పోవుచున్నదన్న విసుగుతో, లావుపాటి రాగితీగ చుట్టుట చాల ఊళ్ళలో సాధారణమైపోయినది. కరగవలసిన తీగ కరగకుండ చేయుట యనగా కావలివానిని నిద్రబుచ్చుటయే. తడిచేతులతో, తడినేలపై వట్టికాళ్ళతో నిలిచి మీట నొక్కుటయు ఇట్టిదే. తడిసిన చర్మము కరెంటును అడ్డగింపజాలదు. స్టార్టరు క్రింద ఎండిన చెక్కపలక యొకటి వేసి, గుంజకు చెప్పుల జత యొకటి శాశ్వతముగా వ్రేలాడదీసి యుంచవలెను. వ్యవసాయపు కరెంటు రాత్రివేళ వదలిన దినములలో అర్ధరాత్రి మేల్కొని, నిద్రమత్తులో, చీకటిలో, నీటిలో నడచి మోటారు వేయబోయి, తెల్లవారి కుటుంబమునకు శవమై దొరికిన రైతులు ఎందరో! పగటి సరఫరా వచ్చుటచేత ఆ బాధ కొంత తగ్గినది గాని, తడియు వట్టికాళ్ళును పగటియందును ఉండనే యున్నవి.

ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజు పోయినప్పుడు లైన్‌మన్ కొరకు వేచియుండక, ఊరిలో ధైర్యవంతుడని పేరుపడిన యువకుడొకడు ఎక్కి వేయుట మన యొద్ద గొప్పగా చెప్పుకొనబడు సంగతి. సరఫరా ఆపివేసితినని ఒకడు చెప్పును. ఆ మాట నమ్మి మరియొకడు ఎక్కును. ఇంతలో అటునుండి మూడవవాడు మీట వేయును. నేర్పుగలవారే ఈ వరుసలో ప్రాణములు కోల్పోయిరి. 1912 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించుకొని, పైరు ఒక పూట ఎండినను వేచియుండుటకు మించిన ధైర్యము ఆ చోట లేదు. ఇక అడవిపందులకును, మన రేగళ్ళలో మందలుమందలుగా తిరుగు కృష్ణజింకలకును భయపడి, చేని చుట్టును తీగ లాగి దానికి కరెంటు తగిలించుట గలదు. ఇది చట్టవిరుద్ధమని చెప్పి ఊరకుండుట చాలదు. ఆ తీగకు తగులుకొనువారు తరచుగా పొరుగుచేనికి నీరు కట్టబోయినవారు, గొఱ్ఱెలు తోలుకొని పోవు పిల్లవాండ్రు, ఒక్కొక్కప్పుడు తాను వేసిన తీగను తానే మరచిన రైతు. ఎవనికిని అట్టి కంచె వేయు హక్కు లేదని నా దృఢాభిప్రాయము.

ఇక తెగిపడు తీగల సంగతి. మన జిల్లాలోనే, బొమ్మనహాళ్ మండలము దర్గాహొన్నూరులో, 2022 నవంబరు 2వ తేదీన పొలము పనికి పోయిన కూలీలు ట్రాక్టరుపై ఉండగా 11,000 వోల్టుల తీగ తెగి మీద పడి, నలుగురు స్త్రీలు మరణించిరి. అదే సంవత్సరము జూన్ 30వ తేదీన తాడిమర్రి మండలము చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలీల ఆటోపై తీగ పడి, నిప్పంటుకొని, ఐదుగురు స్త్రీలు ఆహుతియైరి. తీగలను, స్తంభములను కాపాడవలసిన బాధ్యత వానిని వేసినవారిది. ఆ బాధ్యతను కూలీల తలపై మోపుట అన్యాయము. అయినను వంగిన స్తంభమును, చేతికందునంతగా జారిన తీగను దినదినము చూచుచు దాని క్రిందనే నడచు మనము, చూచిన దినముననే వ్రాతమూలకముగా తెలియజేసి, బాగుచేయువరకు వెంటబడుట మన చేతిలోని పని. తెగిన తీగ నేలపై పడియున్నచో, దాని చుట్టునున్న నేలయే కరెంటును మోయుచుండునని ఎరుగవలెను. అట్టిచోట పెద్ద అంగలు వేసినచో ఒక పాదమునకును మరియొక పాదమునకును నడుమ వోల్టుల భేదమేర్పడి మనిషి పడిపోవును. రెండు పాదములు దగ్గరగా ఉంచి, నేలను రాచుచు, చిన్నచిన్న అడుగులతో పది మీటర్లైనను దూరము తొలగిపోవలెను. పడిపోయినవానిని చూచి పరుగెత్తి చేయి పట్టుట మానవసహజము. పాతరలో ఒకనిపై ఒకడు పడినట్లు రెండవ ప్రాణమును పోవునది అక్కడనే. సరఫరా ఆగినదని రూఢి అగువరకు దగ్గరకు పోరాదు.

నీరు పడని బోరును గూర్చి. ఆరున్నర అంగుళముల వెడల్పుతో వందల అడుగుల లోతు పోయి, రైతునకు అప్పు మాత్రమే మిగిల్చిన ఆ రంధ్రమును చూచుటకే అతనికి మనసొప్పదు. కేసింగు గొట్టమును పెరికి అమ్మి, నోటిపై ఒక బండనో, గోనెసంచినో కప్పి పోవును. అతని దుఃఖము నేనెరుగుదును. కాని ఆ సంచిపై కాలు పెట్టు పసివానికి ఆ దుఃఖము తెలియదు. 2017 జూన్‌లో చేవెళ్ళ సమీపమున ఇక్కారెడ్డిగూడెములో పసిబిడ్డ బోరులో పడి దక్కలేదు. అదే ఏడు ఆగస్టు 15వ తేదీన వినుకొండ మండలము ఉమ్మడివరములో పడిన చిన్నవానిని రాత్రియంతయు శ్రమించి ప్రాణములతో వెలికి తీసిరి. రెండు నెలల వ్యవధిలో రెండు ఊళ్ళు, రెండు ఫలితములు, కారణము మాత్రమొక్కటే. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశములలో, వదలివేసిన బోరును అడుగునుండి నేలమట్టమువరకు మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చవలెనని స్పష్టముగా నున్నది. పని జరుగుచుండగా చుట్టును ముండ్లతీగ కంచె వేయవలెను. కేసింగు చుట్టు సిమెంటు తిన్నె కట్టవలెను. బోరుబండి ఊరు విడచి పోవుటకు ముందు, డ్రైవరునకు చివరి రూపాయి ఇచ్చుటకు ముందు, ఆ రంధ్రము నుండి వెలువడిన రాతిపొడినే మరల దానిలో పోయించుట ఒక షరతుగా పెట్టుకొన్నచో సరిపోవును. పొడి అక్కడనే కుప్పగా ఉన్నది, మనుష్యులును ఉన్నారు. మరునాటికి రెండును ఉండవు.

మిరపకును పత్తికిని మందు కొట్టువారికి ఒకటి రెండు మాటలు. డబ్బాపై నుండు త్రికోణపు రంగులు అక్షరములు రానివారికొరకే ఏర్పడినవి: ఎరుపు అత్యంత విషము, పసుపు దాని తరువాతిది, నీలము, ఆకుపచ్చ ఇంకను తక్కువ. గాలికి ఎదురుగా నడువరాదు, మూసికొన్న నాజిలును నోటితో ఊదరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, మిగిలిన మందును నీళ్ళసీసాలోనో, శీతలపానీయపు సీసాలోనో పోసి ఇంటి గూటిలో పెట్టరాదు. ఈ ఒక్క అలవాటుచేత అన్యాయముగా పోయినవారిలో పిల్లలే ఎక్కువ కాబట్టి దీనిని నేను వేడికోలుగా చెప్పుచున్నాను.

రహదారిపై పంట నూర్చుటను గూర్చియు చెప్పక తీరదు. బళ్ళారినుండి గుంతకల్లు వైపు పోవు రహదారి మన విడపనకల్లు మీదుగనే పోవుచున్నది. కొర్రయో, కందియో నల్లని ఆ తారుపై పరచి, చక్రములచేత నూర్పించుకొని, చుట్టును రాళ్ళు పేర్చి, చీకటిపడినను తీయక పోవుట వలన, రాత్రి వచ్చు మోటారుసైకిలువానికి ఆ రాయి కనబడదు. రాళ్ళు లేని రహదారియును అపాయము లేనిది కాదు. 2022 ఫిబ్రవరి 6వ తేదీన ఉరవకొండ మండలము బూదగవి వద్ద, బళ్ళారిలో పెండ్లి చూచుకొని తిరిగి వచ్చుచున్న కారును లారీ ఢీకొని తొమ్మండుగురు ఒక్కమారే మరణించిరి. పెండ్లినుండి వచ్చు ప్రయాణము కడు అపాయకరమైనది. రాత్రి నిద్ర లేదు, భోజనము బరువైనది, ఇల్లు చేరవలెనన్న తొందర కలదు. డ్రైవరు కన్నులు ఎట్లున్నవో చూచి బండి ఎక్కుట పెద్దల పని.

చివరకు పామును గూర్చి. ఇది కొత్తగా వచ్చిన అపాయము కాదు. మన పూర్వుల కాలమునుండి ఉన్నదే. అందుచేత దీనికి ఆచారములకు కొదువ లేదు. దురదృష్టవశమున ఆ ఆచారములలో సగము మంచివి, సగము ప్రాణాంతకములు. ఇక్కడ దీపమును దింపుటయే కాక, ఏ దీపము దింపవలెనో విచారింపవలసి యున్నది.

18వ శతాబ్ది చివర విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లాండు వైద్యుడు, విషసర్పములకును విషము లేనివానికిని గల భేదమును సామాన్యులకు తెలుపవలెనన్న తలంపుతో, కోరమాండలు తీరమున దొరకిన పాములను పరిశీలించి, తెలుగువారు వానిని పిలుచు పేర్లతో కూడ చిత్రించి, 1796లో గ్రంథముగా ప్రకటించెను. రక్తపింజరికి పాశ్చాత్యులు ఆయన పేరే పెట్టిరి. ఆయన ఎత్తుకొన్న పని నేటికిని పూర్తికాలేదు. 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధనానుసారము 2000 మొదలు 2019 వరకు మన దేశములో ఏటికి సగటున 58,000 మంది పాముకాటుచే మరణించిరి. ఆ మరణములలో అధికభాగము ఎనిమిది రాష్ట్రములకు చెందగా, వానిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశము ఒకటి. ఇవి చాలవరకు పల్లెలలోని మరణములు, సగము వానకాలపు మరణములు.

శనక్కాయ చెట్లు పెరుకునప్పుడు, పెరికి కుప్పలు వేసిన తీగెలను ఎత్తునప్పుడు, కట్టెలమోపులో చేయి పెట్టునప్పుడు, గడ్డివామి దులుపునప్పుడు రక్తపింజరి కాటు పడును. ఎలుకల కొరకు వచ్చు నాగుపాము ఇంటిలోనికే వచ్చును. వీనికి ముందుజాగ్రత్త మన పెద్దలెరిగినదే: కర్రతో తట్టి చూచి చేయి పెట్టుట, చీకటిలో బ్యాటరీ లైటు లేక అడుగు వేయకుండుట, కాలికి బూటో, చెప్పో తొడుగుట, ఇంటి గోడవారగా కట్టెలు పేర్చకుండుట. కట్లపాము సంగతి వేరు. అది రాత్రి నేలపై పడుకొన్నవారి ప్రక్కలోనికి వచ్చును. దాని కాటు నొప్పి పెట్టదు, గాటు కనబడదు, వాపు రాదు. తెల్లవారుజామున కడుపునొప్పియని లేచినవానికి అజీర్ణమని వాము నమిలించెదరు. పిమ్మట కనురెప్పలు వాలిపోవును, మాట ముద్దయగును, ఊపిరి ఆగును. రాత్రి నేలపై నిద్రించి లేచినవారికి కారణము తెలియని కడుపునొప్పితో రెప్పలు బరువెక్కినచో, కాటు కనబడకపోయినను పామేయని తలంచి ఆసుపత్రికి పరుగెత్తవలెను. మంచముపై పడుకొని, దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపుకొన్నవారికి ఈ భయము చాలవరకు లేదు. దోమతెర దోమకే కాదు, కట్లపామునకును గోడయే.

పురుగు ముట్టినదని, అనగా పాము కరచినదని, తెలిసిన వెంటనే త్రాడు బిగించి కట్టుట, బ్లేడుతో కోయుట, నోటితో పీల్చుట, పసరు పోయించుట, మంత్రము వేయించుట మన యూళ్ళలో జరుగుచున్నవి. బిగించిన కట్టు విషమును ఆపజాలదు గాని కాలిని కుళ్ళింపగలదు. పింజరి కాటులో రక్తము గడ్డకట్టు శక్తిని కోల్పోవును గనుక కోసిన గాటు ఆగక కారును. మంత్రగాని కీర్తికి మూలము వేరొకటి: కరచిన పాములలో చాలవానికి విషము లేదు, విషమున్నదియు కొన్నిసారులు విషము వదలదు. బ్రతికినవానిని మంత్రము బ్రతికించినదందురు, పోయినవాని ఆయువు తీరినదందురు. మంత్రగానిపై నాకు ద్వేషము లేదు. అతడు నమ్మియే చేయుచుండవచ్చును. కాని అతని గుమ్మమున గడచిన రెండు గంటలే మరణమునకు కారణమగుచున్నవి. చేయవలసినది ఇంతయే: కరువబడినవానిని నడువనీయక పడుకొనబెట్టి, ఉంగరము, గాజులు, మెట్టెలు, కడియములు వాపు రాకముందే తీసివేసి, విరిగిన ఎముకకు కట్టినట్లు పుల్లలతో ఆ అవయవమును కదలనీయక నిలిపి, 108 బండిని పిలిచియో, దొరకిన బండిలోనో ఆసుపత్రికి చేర్చవలెను. పామును చంపి వెంట తీసికొని పోనక్కరలేదు. దానిని వెదకుచు కాలము పోగొట్టుటయు, రెండవవాడు కాటుపడుటయు ఇందువలననే. ఆసుపత్రిలో రెండు మిల్లీలీటర్ల రక్తమును పొడిగాజు గొట్టములో కదల్పక 20 నిమిషములుంచి, అది గడ్డకట్టినదో లేదో చూచి పింజరి విషమును గుర్తింపగలరు. మన దేశమున లభించు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషమునకును కలిపి చేసినది. తమిళనాట ఇరుళ జాతివారు 1978లో స్థాపించుకొన్న సహకార సంఘము ఈ మందునకు కావలసిన విషమును సేకరించి ఇచ్చుచున్నది. పాములు పట్టి చర్మములమ్ముకొని బ్రతికిన జాతి నేడు ప్రాణములు నిలుపు పనికి తన విద్యను వినియోగించుట నాకు మిక్కిలి సంతోషకరమైన విషయము.

ఆ మందు ప్రభుత్వాసుపత్రులలో ఉచితము. అయితే అది ఏ ఆసుపత్రిలో నిలువయున్నదో, రాత్రివేళ అక్కడ డాక్టరు ఉండునో లేదో కాటుపడిన తరువాత విచారించుటకు వ్యవధి ఉండదు. వానకాలము రాకముందే ఊరికి ఇద్దరు విడపనకల్లు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి మందు సంగతి అడుగవలెను; అక్కడ లేకున్నచో ఉరవకొండకా, గుంతకల్లుకా, బళ్ళారికా, అనంతపురమునకా ఎక్కడికి పోవలెనో, రాత్రి ఎవరి బండి సిద్ధముగా నుండునో, ఆ బండివాని ఫోను సంఖ్య ఏదో కనుగొని, బొగ్గుతోనైనను సరే, రచ్చకట్ట ప్రక్క గోడపై అందరికి కనబడునట్లు వ్రాసియుంచవలెను.